ద్వారమునకు కావలి ఎవరు? మెట్రిక్యులేషన్ పరీక్ష, తెలుగు బడి, తెలుగు సంఘము

సేవకు అభ్యర్థులను ఎన్నుకొను ఒక సంఘ కమిటీలో మేము కొన్ని సంవత్సరములుగా కూర్చుంటున్నాము. అభ్యర్థి లోనికి వచ్చి కుర్చీలో కూర్చొనగానే మేము అడుగు మొదటి ప్రశ్న ఆయన సాక్ష్యమును గురించి కాదు. "టెన్త్ ఎప్పుడు పాసయ్యారు? ఇంటర్ అయినదా?" అని అడుగుతాము. ఫైలులో పైన ఉండు కాగితము కూడ అదే. కొంతకాలము క్రిందట ఒక సహోదరుడు వచ్చాడు. పద్నాలుగు ఏండ్లుగా మూడు పల్లెలలో ఆరాధన నడిపిస్తున్నవాడు. వ్యాధిగ్రస్తుల యొద్దకు రాత్రివేళ సైకిలు మీద వెళ్లు మనిషి అని ఆ ప్రాంతపు పెద్దలు వ్రాసి ఇచ్చారు. కాని ఇంటర్ రెండవ సంవత్సరములో ఆంగ్లము తప్పి మరల వ్రాయలేదు. ఆయన ఫైలు ప్రక్కన పెట్టబడినది. పెట్టినవారిలో మేమును ఉన్నాము.

ఆ కాగితమునకు అంతటి అధికారము ఎక్కడనుండి వచ్చినది? బడి చదువు ముగిసినదని చెప్పు పత్రము, పై చదువునకు అర్హుడని చెప్పు పత్రము, ఉద్యోగమునకు తగినవాడని చెప్పు పత్రము, చివరకు దైవసేవకు తగినవాడని చెప్పు పత్రము, ఈ నాలుగును ఒకటే ఎట్లు అయినవి? ఈ వ్యాసములో తెలుగు ప్రాంతమును దృష్టిలో ఉంచుకొని ఆ చరిత్రను పరిశీలింప గోరుచున్నాము.

పట్టికలో పేరు

మెట్రిక్యులేషన్ అను మాటకు మూలము లాటిన్. పట్టికలో పేరు చేర్చుకొనుట అని దాని భావము. బడి ముగింపుతో ఆ మాటకు సంబంధము లేదు. 1854 నాటి ఉడ్ తాఖీదును అనుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో విశ్వవిద్యాలయములు ఏర్పడినవి. మద్రాసు చట్టము తేదీ సెప్టెంబరు 5. ఈ మూడింటికి మాదిరి లండన్ విశ్వవిద్యాలయము. అనగా తాను పాఠము చెప్పదు, పరీక్ష మాత్రము పెట్టును. పాఠము చెప్పు పని కళాశాలలది. విశ్వవిద్యాలయపు పట్టికలో పేరు చేరవలెనంటే మెట్రిక్యులేషన్ పరీక్ష, దాని తరువాత ఎఫ్.ఏ., ఆ తరువాత బి.ఏ. తెలుగు జిల్లాలలో ఎక్కువ భాగము అప్పుడు మద్రాసు రాజధానిలోనివి గనుక మచిలీపట్టణము మొదలు బళ్ళారి వరకు విద్యార్థులు ఈ ఒక్క ద్వారము గుండానే వెళ్లవలసి వచ్చినది.

ఆ ద్వారము గుండా వెళ్లి బి.ఏ. పట్టము పొందిన మొదటి ఇద్దరు ఎవరో వేదాంత విద్యార్థులు తెలిసికొనదగినది. సి. వై. దామోదరం పిళ్ళై, కెరొల్ విశ్వనాథ పిళ్ళై. ఇద్దరును జాఫ్నా తమిళులు. అక్కడి అమెరికన్ మిషను 1823లో స్థాపించిన బట్టికోట సెమినరీలో చదివినవారు. ఆ సెమినరీ అప్పటికే మూతపడినది. ఆంగ్ల విద్య వలన విద్యార్థులు సువార్త పనికి గాక సర్కారు కొలువులకు పోవుచున్నారను తలంపుతో, అమెరికన్ బోర్డు కార్యదర్శి రూఫస్ ఆండర్సన్ పర్యటించి వెళ్లిన మీదట, 1855లో దానిని మూసివేశారు. రెండు మూడేండ్లు తిరుగకముందే మద్రాసు విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రులు ఆ మూసిన సెమినరీ వారే అయ్యారు. ఆండర్సన్‌గారి భయము నిజమేనని ఒకరు అనవచ్చును. ఆయన తొందరపడ్డారని మరియొకరు అనవచ్చును. మాకు రెండును నిజముగానే తోచుచున్నవి.

తెలుగు దేశములో మిషనులకు ఇదే సందిగ్ధము మరియొక రూపములో ఎదురైనది. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్టణములో ఆంగ్ల పాఠశాల తెరిచినప్పుడు ఆయన చూపు అగ్రవర్ణముల బాలుర మీద ఉండినది. అంటరానివారని ఎంచబడిన కులముల పిల్లలను ఆయన చేర్చుకొనలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా పట్టణము అల్లకల్లోలమై బడి దాదాపు ఖాళీ అయినది. తరువాత పిల్లలు తిరిగి వచ్చారు, ఎందుకనగా ఆంగ్లము అక్కడ దొరుకును. గుంటూరులో 1885లో లూథరన్ మిషను కళాశాల మొదలైనది. ఈ కాలములోనే మరియొక ప్రక్క ఒంగోలు ప్రాంతములో, గొప్ప కరవు తరువాత, 1878 జూలై 3న ఒక్కనాడు 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అత్యధికులు మాదిగ కుటుంబముల వారు. వారి పిల్లలకు దొరికినది గ్రామ పాఠశాల, కొందరికి మిషను బోర్డింగు. మెట్రిక్యులేషన్ వారికి కనుచూపు దూరములో లేదు. మిషను కళాశాలల హాజరు పట్టీలలో సంఘస్థుల పిల్లలు కొద్దిమంది, సంఘము వెలుపలి అగ్రవర్ణముల పిల్లలు ఎక్కువమంది. మిషనులు కట్టిన ద్వారమే గాని, తమ సంఘములోని పేదలకు అది చాలకాలము మూసియే ఉండినది. ఈ మాట మన సంఘ చరిత్రలలో అంత స్పష్టముగా వ్రాయబడదు.

బడిని మింగిన పరీక్ష

ప్రవేశ పరీక్ష బడి మీద పెత్తనము చేయుట త్వరలోనే కనబడినది. సర్కారు గుమాస్తా పనికి మెట్రిక్యులేషన్ అర్హత అయినది. కనుక కళాశాలకు వెళ్లని బాలుడు కూడ కళాశాల ప్రవేశ పరీక్షకే చదివాడు. ఆంగ్లము తప్పనిసరి, చరిత్ర, గణితము కూడ ఆంగ్లములోనే. తప్పినవారు వేలమంది. ఎంత దూరము వచ్చినదనగా, తప్పుట కూడ ఒక అర్హత అయినది. "ఎఫ్.ఏ. ఫెయిల్డ్", "బి.ఏ. ఫెయిల్డ్" అని పేరు ప్రక్కన వ్రాసుకొనుట ఆ తరములో సిగ్గుపడు విషయము కాదు. అంతవరకు వెళ్లినాడని దాని అర్థము!

1882 నాటి హంటర్ కమిషను ఈ దోషమును గుర్తించినది. మద్రాసు క్రైస్తవ కళాశాల అధ్యక్షుడు విలియం మిల్లర్ అందులో సభ్యుడు. ఉన్నత పాఠశాల పై తరగతులలో రెండు శాఖలు ఉండవలెనని, ఒకటి విశ్వవిద్యాలయమునకు, రెండవది వ్యాపారమునకు, వృత్తులకు దారితీయవలెనని వారు సిఫారసు చేశారు. రెండవ శాఖలో చేరినవారు ఎక్కడను పెద్దగా లేరు. తండ్రులు అమాయకులు కారు. ఏ కాగితమునకు ఉద్యోగము వచ్చునో వారికి తెలియును.

పరీక్ష ఎవరిని ఆపగలదో చూపుటకు ఒక్క ఉదాహరణ చాలును. శ్రీనివాస రామానుజన్ 1907లో ఎఫ్.ఏ. తప్పాడు. గణితములో కాదు, మిగిలిన విషయములలో. అదే మద్రాసు విశ్వవిద్యాలయము, పట్టము లేకయే, 1913లో ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధక వేతనము ఇచ్చినది. ఆ నియమము ఎంత గట్టిదో అంత వంగగలదని అప్పుడు తెలిసినది, కాని వంచుటకు కేంబ్రిడ్జి నుండి ఉత్తరములు రావలసి వచ్చినది.

బడి ముగింపును, కళాశాల ప్రవేశమును వేరుచేయుటకు మద్రాసు ప్రభుత్వము చేసిన గట్టి ప్రయత్నము ఎస్.ఎస్.ఎల్.సి. ఇది 1911 ప్రాంతమున మెట్రిక్యులేషన్ స్థానములోనికి వచ్చినది. ఒక్కనాటి పరీక్ష మాత్రమే గాక, బడిలో సంవత్సరము పొడవున వచ్చిన మార్కులు కూడ ఒక పుస్తకములో నమోదగును. కళాశాలకు అర్హుడా కాదా అనునది ఆ మార్కులను చూచి చేయు వేరొక నిర్ణయము. అందుచేతనే మన పెద్దలు "ఎలిజిబుల్ ఎస్.ఎస్.ఎల్.సి." అని, "కంప్లీటెడ్ ఎస్.ఎస్.ఎల్.సి." అని రెండు విధములుగా చెప్పుకొనేవారు. మొదటివాడు కళాశాలకు పోగలడు, రెండవవాడు బడి ముగించాడు. ఆలోచన మంచిదే. కాని పెండ్లి సంబంధము మాటలాడువారు మొదలు ఉద్యోగమిచ్చు అధికారి వరకు అందరును "ఎలిజిబులేనా?" అనియే అడిగారు. వేరుచేసిన రెండు మరల ఒకటైనవి.

వ్యాస పత్రములో తెలుగు

ఈ పత్రము మన భాషను కూడ పట్టుకొన్నది. దీనిని కొంత వివరముగా చెప్పవలెను, ఏలయనగా తెలుగు సాహిత్య చరిత్రలో వ్యావహారిక భాషా ఉద్యమముగా మనము చదువుకొను సంగతి ఒక పరీక్షా పత్రము చుట్టు జరిగిన పోరాటము.

ఎస్.ఎస్.ఎల్.సి.లో మాతృభాషా రచన అనివార్య విషయము. అంతవరకు తెలుగు పరీక్ష యనగా పద్యమునకు అర్థము వ్రాయుట, వ్యాకరణము చెప్పుట. ఇప్పుడు విద్యార్థి తన స్వంత మాటలతో వ్యాసము వ్రాయవలెను. ఏ తెలుగులో? ఉత్తర సర్కారులలో పాఠశాలల తనిఖీ అధికారి జె. ఏ. యేట్స్ అంతకు కొన్నేండ్ల ముందే, పుస్తకములోని తెలుగు వేరు, బజారులోని తెలుగు వేరు ఎందుకైనదని అడిగాడు. ఆ ప్రశ్నను పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి, విశాఖపట్టణములోని పి. టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరములోని గురజాడ అప్పారావు పట్టుకొన్నారు. శిష్టులు మాటలాడు తెలుగులో వ్రాయుటకు విద్యార్థికి అవకాశము ఇవ్వవలెనని వారి వాదము. కొద్దికాలము ఆ అవకాశము దొరికినది. వెంటనే జయంతి రామయ్య పంతులు మొదలగు పండితులు తీవ్రముగా ఎదిరించారు; 1911లో స్థాపించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారికి వేదిక అయినది. విశ్వవిద్యాలయము వేసిన సంఘములో గ్రాంథిక పక్షమే గెలిచినది. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రమును సమర్పించాడు. మరుసటి సంవత్సరము నవంబరులో మరణించాడు.

ఓడినది ఒక శైలి మాత్రమే కాదు. ఇంటిలో గ్రంథములు, పంచకావ్యములు వినబడు బాలునికి గ్రాంథిక భాష అభ్యాసము వలన వచ్చును. మాలపల్లె నుండి, మాదిగపల్లె నుండి బోర్డింగునకు వచ్చిన బాలునికి అది ఆంగ్లము తరువాత రెండవ పరభాష. తన నోటి తెలుగులో ఎంత చక్కగా ఆలోచించినను మార్కులు రావు. అయితే ఇక్కడ ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఆ బాలుని చేతిలో ఉన్న ఒకే పెద్ద పుస్తకము తెలుగు బైబిలు. దాని భాష కూడ గ్రాంథికమునకు దగ్గరిదే. ఆదివారము బడిలో కంఠస్థము చేసిన వాక్యములే వ్యాస పత్రములో తమను కాపాడినవని మా తండ్రిగారి తరము వారు నవ్వుచు చెప్పేవారు. ఈ వ్యాసమును మేము వ్రాయుచున్న తెలుగును చూచినను పాఠకులకు ఆ సంగతి తెలియును. మేము ఇంటిలో ఇట్లు మాటలాడము.

నిజాము రాజ్యములోని తెలుగువారి కథ మరియొక తీరు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధనా భాష ఉర్దూ. ఆంగ్లము తప్పనిసరి విషయము. దేశభాషలో ఉన్నత విద్య అనునది ఆ కాలమునకు గొప్ప సాహసమే. అయినను మెదకు, నల్లగొండ, వరంగల్లు గ్రామములలోని తెలుగు బాలునికి అది తన భాష కాదు. 1887లో స్థాపించిన నిజాం కళాశాల మాత్రము 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా ఉండినది. ఒకే నగరములో రెండు ద్వారములు, ఒకదాని మీద ఉర్దూ, రెండవదాని మీద ఆంగ్లము. తెలుగు ద్వారము ఏదియు లేదు. మాడపాటి హనుమంతరావుగారు 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమముతో ఆంధ్ర బాలికల పాఠశాల నెలకొల్పినప్పుడు ఆ బాలికల చదువుకు గుర్తింపు పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయము నుండి తెచ్చుకొనవలసి వచ్చినది. హైదరాబాదు పిల్లల తెలుగును హైదరాబాదు ఒప్పుకొనలేదు, మహారాష్ట్రము ఒప్పుకొన్నది.

జరుగుచున్న మెట్టు

కళాశాల ప్రవేశపు మెట్టు ఒకచోట నిలువలేదు. 1917-19 నాటి కలకత్తా విశ్వవిద్యాలయ కమిషను బడికిని విశ్వవిద్యాలయమునకును నిజమైన హద్దు మెట్రిక్యులేషన్ కాదు, ఇంటర్మీడియట్ అని చెప్పినది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడి తెలుగు జిల్లాల పరీక్షలు మద్రాసు చేతినుండి క్రమముగా ఇటు వచ్చినవి. 1952-53 నాటి మొదలియార్ కమిషను ఇంటర్మీడియట్‌ను తీసివేయమన్నది. దాని స్థానములో ఒక్క సంవత్సరపు పి.యు.సి. వచ్చినది. కొఠారీ కమిషను 1966లో పది, రెండు, మూడు అను లెక్క చెప్పినది. ఆంధ్రప్రదేశ్‌లో 1969-70 నుండి రెండేండ్ల ఇంటర్మీడియట్ మరల వచ్చినది, 1971లో దానికి ప్రత్యేక బోర్డు ఏర్పడినది. మా తండ్రిగారిది సిక్స్త్ ఫారము, అనగా పదకొండేండ్ల చదువు. మా చిన్నాయనగారిది పి.యు.సి. మాది టెన్త్, ఇంటర్. ఒకే ఇంటిలో మూడు కొలతలు. మావి మేలైన చదువులని మేము ముగ్గురము వాదించుకొనేవారము. 1980ల నడుమ ఎంసెట్ వచ్చి ఇంటర్ పత్రమొక్కటే చాలదని చెప్పినది. ఆ తరువాత వైద్య విద్యకు నీట్, 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయములకు సి.యు.ఇ.టి. వచ్చినవి.

మా తండ్రిగారి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము మా యొద్ద ఉన్నది. అట్ట ఊడినది. లోపల మార్కుల కంటె ముందు జన్మదినము, పుట్టుమచ్చలు, మతము వ్రాసి ఉన్నవి. జన్మదినము జూలై 1. బడిలో చేర్చిన ఉపాధ్యాయుడు వేసిన తేదీ అది. నాయనమ్మకు తెలిసినది వానలు పడిన తరువాత పుట్టాడను సంగతి మాత్రమే. మతమునకు ఎదురుగా ఇండియన్ క్రిస్టియన్ అని ఉన్నది.

ఈ చివరి గడికి చరిత్ర ఉన్నది. మద్రాసు కమ్యూనల్ జి.ఓ. ప్రకారము కళాశాల సీట్లు పద్నాలుగు చొప్పున లెక్కించి బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ముస్లిములకు 1, ఆంగ్లో ఇండియన్లకును భారతీయ క్రైస్తవులకును కలిపి 1 ఇచ్చేవారు. 1951లో చంపకం దొరైరాజన్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. దానికి జవాబుగా రాజ్యాంగపు మొదటి సవరణ వచ్చినది. కాని అంతకు ముందే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినది. క్రైస్తవులకు విస్తరింపలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1970లో వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించినప్పుడు క్రైస్తవులైన షెడ్యూల్డు కులముల వారిని, వారి సంతతిని "సి" గుంపుగా చేర్చి ఒక్క శాతము కేటాయించినది.

మమ్మును ఒకటవ తరగతిలో చేర్చిన దినమున మతము ఏమని వ్రాయవలెనని ప్రధానోపాధ్యాయుడు అడుగగా మా తండ్రిగారు కొంతసేపు మౌనముగా ఉన్నారని మా తల్లిగారు చెప్పేవారు. ఆ గడి రేపు టెన్త్ పత్రము మీదికి, అక్కడనుండి కళాశాల ప్రవేశమునకు వెళ్లునని ఆయనకు తెలియును. చివరకు "క్రైస్తవుడు" అని వ్రాయించారు. మా ప్రక్క ఇంటివారు వేరుగా వ్రాయించారు. ప్రతి ఆదివారము మాతో ఒకే చాప మీద కూర్చున్న ఆ కుటుంబపు బిడ్డ నేడు ఇంజనీరు. మేము వారిని నిందింపము. నిందించు సేవకులను ఎరుగుదుము. వారి పిల్లల పత్రములలో ఏమున్నదో కూడ ఎరుగుదుము.

సెమినరీ గుమ్మము

ఇక మన ఇంటి సంగతి. సెరంపూర్ కళాశాల 1818లో స్థాపించబడి, 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన శాసనము వలన పట్టములిచ్చు అధికారము పొందినది. ఆ అధికారముతో మొదటి బి.డి. పట్టములు 1915లో ఇవ్వబడినవి. 1918లో బెంగాలు చట్టము దానిని స్థిరపరచినది. వేదాంత విద్యకు ఏ మెట్టు? మెట్రిక్ స్థాయి వారికి ఎల్.టి.హెచ్., పట్టభద్రులకు బి.డి. అనగా విశ్వవిద్యాలయపు మెట్లనే సెమినరీ తన గుమ్మమునకు వేసికొన్నది. పండితులైన సేవకులు ఉండవలెనను కోరిక దాని వెనుక ఉన్నది, అది తప్పు కాదు. మేమును డిగ్రీ ముగించియే బి.డి.లో చేరాము, ఆ చదువు లేకున్న ఈ వ్యాసము వ్రాయగలిగేవారము కాము. 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పడి 1973లో హైదరాబాదునకు మారినప్పుడు పలు సంఘముల విద్యార్థులకు ఒకే స్థాయి దొరికినది.

అయినను పల్లెలలో సంఘములను నాటినవారు చాల మట్టుకు ఈ మెట్లు ఎక్కనివారు. దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్యగారినే చూడుడి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, చివరి పరీక్ష సమయమున జబ్బుపడి, పట్టము లేకయే బయటికి వచ్చారు. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ పట్టమిచ్చినది. ఆయన దోర్నకల్‌లో గ్రామ బోధకులను భార్యలతో సహా పిలిపించి తెలుగులో శిక్షణ ఇప్పించారు. వారిలో చాలమందికి చూపుటకు పత్రము లేదు.

1982లో రాష్ట్రములో సార్వత్రిక విశ్వవిద్యాలయము, అనగా నేటి అంబేద్కర్ విశ్వవిద్యాలయము, స్థాపించినప్పుడు ఇంటర్ లేనివారికి అర్హతా పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకొన్నది. పొలముపని చేయువారు, గృహిణులు, మన బోధకులలో కొందరు ఆ మార్గమున పట్టభద్రులయ్యారు. ఒక ప్రభుత్వ సంస్థ తన గుమ్మమును అంత తగ్గించుకొనగలిగినది.

మా కమిటీ తరువాతి సమావేశములో ఆ సహోదరుని ఫైలును మరల తీయించాము. చర్చ చాలసేపు జరిగినది. నియమము నియమమేనని ఒకరన్నారు. ఇంటర్ లేనివానిని తీసికొంటే ఉన్నవారు ఏమనుకొందురని మరియొకరన్నారు. చివరకు ఓపెన్ స్కూల్ ద్వారా ఆంగ్లము వ్రాయుటకు సంఘము ఫీజు కట్టవలెనని, ఈలోగా ఆయనకు ఉపదేశకుని జీతము ఇవ్వవలెనని తీర్మానించాము. పరీక్ష తేదీ ఆదివారము పడరాదని ఆయన కోరాడు.